పటేలు గారికి ప్రతిపక్షం కావలసి వచ్చింది

ప్రభుత్వ సమాచార శాఖలో నా ఉద్యోగం పేరు ప్రచార సహాయకుడు. గోదావరిఖనిలో ఆ పేరు ఎవరికీ నోరు తిరగలేదు. అందరూ "మైకు సారు" అనేవారు. ఇప్పుడు ఆలోచిస్తే వాళ్లు పెట్టిందే సరైన పేరు.

నియామక పత్రంలో "ప్రభుత్వ విధానాలను ప్రజలకు, ప్రజల అభిప్రాయాలను ప్రభుత్వానికి చేరవేయుట" అని రాసి ఉంది. మొదటి సగం పనికి నాకు ఒక జీపు, రెండు లౌడ్‌స్పీకర్లు, ఒక మైకు ఇచ్చారు. రెండో సగం పనికి ఏమీ ఇవ్వలేదు.

ఈ శాఖలో కొత్తగా చేరేవాళ్లు అప్పుడప్పుడూ నా దగ్గరికి వస్తుంటారు. తిరుగులేని బలంతో ఉన్న పాలక పార్టీ ఎదుటివాళ్ల అభిప్రాయాన్ని నిజంగా కోరుకుంటుందా అని అడుగుతుంటారు. కోరుకుంటుంది బాబూ. ఒకసారి కోరుకుంది. దాన్ని ఏర్పాటు చేసినవాణ్ణి నేనే. ఆ ఏర్పాటు ఎలా జరిగిందో, అందులో నేను చేసిన రెండు తప్పులేమిటో రాస్తాను. నా బదిలీలు, ప్రమోషన్ల సంగతి వదిలేస్తున్నాను. వాటిని వినడానికి నా భార్యే ఏనాడూ ఇష్టపడలేదు.

చప్పట్లు మొదలుపెట్టే మనిషి

నేను చెప్పేది అరవైల చివరి మాట. గోదావరిఖని అప్పటికి ఇంకా ఊరు కాలేదు, పల్లె కాకుండా పోయింది. గని ఎక్కడ తెరిస్తే అక్కడ గుడిసెలు వరసలుగా లేచేవి, ఒక్కో వరసను లైను అనేవారు. ఉతికి ఆరేసిన తెల్ల పంచె సాయంత్రానికి బూడిద రంగుకు తిరిగేది. అలాంటి ఊళ్లో మడత నలగని తెల్ల బట్టలు కట్టే మనిషి ఒక్కడే ఉండేవాడు. ఆయన జనార్దన్ పటేలు, పాలక పార్టీ స్థానిక అధ్యక్షుడు. పంచాయతీ ఆయనదే, సంఘం ఆయనదే, పెళ్లిళ్లలో మొదటి అక్షింత కూడా ఆయనదే. చెడ్డవాడు కాడు. ఎవరూ ఎదురు చెప్పకుండా చాలా ఏళ్లు గడిచిపోయినందువల్ల, ఎదురు చెప్పడం అనే పద్ధతి ఒకటి ఉందని మరిచిపోయాడు, అంతే.

ప్రభుత్వ సభ ఎక్కడ అయిపోతుందో, పార్టీ సభ ఎక్కడ మొదలవుతుందో ఆ రోజుల్లో మైకుకు తెలిసేది కాదు. నాకూ తెలిసేది కాదు.

పటేలు సభలన్నింటికీ ఓదేలు వచ్చేవాడు. గనిలో బొగ్గు డబ్బాలు తోసే పని అతనిది, పార్టీలో సభ్యుడు కూడా. మొదటి షిఫ్టు దిగి, మొహం కడుక్కొని, ముందు వరసలో కూర్చునేవాడు. జనం ఎంతమంది ఉన్నా మొదట ఎవరో ఒకరు కొడితే తప్ప చప్పట్లు పడవు. ఆ ఎవరో ఒకరు ఓదేలు. డబ్బాలు తోసి తోసి అతని అరచేతులు పలకల్లా గట్టిపడ్డాయి. ఒక్క దెబ్బ కొడితే మైకు కూడా ఉలిక్కిపడేది. పొరపాట్లూ చేసేవాడు. ఉపన్యాసకుడు మధ్యలో మంచినీళ్లు తాగడానికి ఆగితే కొట్టేసేవాడు. జనం కూడా కొట్టేవారు. నీళ్లు తాగినందుకు అంత ఆదరణ చూసి ఒక పెద్దమనిషి కళ్లు చెమ్మగిల్లడం నేను చూశాను.

ఇక సభ చివర్లో, సైకిల్‌కు ఆనుకొని చేతులు కట్టుకొని నిలబడేవాడు ఖాజా భాయ్. సైకిల్ మెకానిక్. మా ఊళ్లో అసలైన ప్రతిపక్షం అంటే ఆయనా, ఆయన దుకాణంలో చాయ్ తాగే నలుగురూ. ప్రతి సభలోనూ చెయ్యి ఎత్తేవాడు. ప్రతి సభలోనూ పటేలు ఆ చేతిని చూసి, "అందరికి నమస్కారం" అని తిరిగి చెయ్యి ఊపేవాడు.

"మనకాడ అపోజిషన్ ఉన్నదా?"

ఒకసారి పెద్దపల్లి సభలో హైదరాబాదు నుంచి వచ్చిన మంత్రి గారొకరు, "ప్రతిపక్షం లేని ప్రజాస్వామ్యం ఉప్పులేని పప్పు. నేను గోదావరిఖని వచ్చినప్పుడు మనల్ని విమర్శించేవాళ్ల మాట వినాలని ఉంది" అన్నారు. ఊపులో అన్నారో, నిజంగానే అన్నారో తెలియదు. పటేలుతో పాటు వచ్చిన ఓదేలు కొట్టాడు, సభంతా మార్మోగింది.

మర్నాడు పొద్దున్నే పటేలు నుంచి నాకు కబురు వచ్చింది. వెళ్లేసరికి అరుగు మీద తల పట్టుకొని కూర్చున్నాడు.

"సారూ, మంత్రి పదిహేను దినాల్ల వస్తున్నడు. ప్రతిపక్షం కావాలంటున్నడు. మనకాడ అపోజిషన్ ఉన్నదా?"

"ఖాజా భాయ్ ఉన్నాడు కదండీ."

"వాడొద్దు. వాడు నిజంగనే తిడ్తడు."

"మరి?"

"మనోడే కావాలె. చూసెటోళ్లకు తిట్టినట్టు ఉండాలె, మనకు తగలద్దు. ఓదేలును తయారు చెయ్యి. మూడు విమర్శలు రాసియ్యి. నాలుగొద్దు, అలవాటైతది."

నేను గదిలో కూర్చొని మూడు విమర్శలు రాశాను. రోడ్ల మీద దుమ్ము ఎక్కువగా ఉంది. పెద్దపల్లికి బస్సులు చాలడం లేదు. వీధి దీపాలు వెలగడం లేదు. ఇక్కడే నా మొదటి తప్పు జరిగింది. ప్రజల ఇబ్బందులు రాస్తూ ప్రజల్లో ఒక్కణ్ణి కూడా అడగలేదు. నాకు ఉన్న ఇబ్బందులు రాసి సంతకం పెట్టాను.

పటేలు కాగితం తీసుకొని, కలం తెరిచి, ఒక్కొక్కటే దిద్దాడు. దుమ్ము సంగతి, "రోడ్లు మంచిగయినందున బండ్లు జోరుగా ఉరుకుతున్నవి, దానితో దుమ్ము లేస్తున్నది" అయింది. బస్సుల సంగతి, "ప్రజలు సంపన్నులై అందరూ ప్రయాణాలు చేయుచున్నారు" అయింది. దీపాల దగ్గర చాలాసేపు ఆలోచించి, మొత్తం కొట్టేసి, "మా నాయకులు రాత్రింబవళ్లు పనిచేసి ఆరోగ్యం పాడు చేసుకుంటున్నారు, దీనిని నేను తీవ్రంగా ఖండిస్తున్నాను" అని రాశాడు.

"ఇప్పుడు ఘాటుగ ఉన్నది" అన్నాడు తృప్తిగా.

కోపం నేర్పిన మనిషి

షిఫ్టు దిగాక ఓదేలు మా శాఖ రీడింగ్ రూముకు వచ్చేవాడు. అక్కడ తర్ఫీదు మొదలుపెట్టాను. నేను తర్ఫీదు ఇచ్చినవాళ్లలో అంత వినయవంతుణ్ణి చూడలేదు. ఆ వినయమే మా కొంప ముంచింది.

"తీవ్రంగా ఖండిస్తున్నాను, అను" అన్నాను.

అతను రెండు చేతులూ జోడించి, "నేను తీవ్రంగ ఖండిస్తున్న. ఏమనుకోవద్దు" అన్నాడు.

"చేతులు జోడించకు ఓదేలూ."

"మరి యాడ పెట్టాలె సారూ?"

"వేలెత్తి చూపించు."

"పటేలు దిక్కా? అమ్మో!"

"పోనీ పైకి చూపించు."

వేలు పైకెత్తాడు. వేలితో పాటు మొహం కూడా ఎత్తి, విమర్శ మొత్తం పైకప్పు పెంకులకు చెప్పాడు. వానల కోసం మొక్కుకుంటున్నట్టు ఉంది. చెప్పడం పూర్తికాగానే అలవాటు చొప్పున తనకు తానే చప్పట్లు కొట్టుకున్నాడు.

మూడు రోజులు ఇలాగే గడిచాయి. నాలుగో రోజు విసుగొచ్చి అడిగాను. "అసలు నీకు కోపం ఎప్పుడొస్తుందయ్యా?"

"నాకు రాదు సారూ. మా ఇంట్ల కోపం మా ఆమెది. ఇద్దరికి ఎందుకని నేను పెట్టుకోలే."

"అయితే రేపు ఆమెను తీసుకురా."

లచ్చక్క వచ్చింది. చంకలో ఖాళీ బిందె కూడా వచ్చింది. ఎందుకు పిలిచామో చెప్పాను. మంత్రి ముందు కోపంగా ఎలా మాట్లాడాలో ఓదేలుకు చూపించాలి, అంతే.

"ఉట్టిగనే కోపమెట్ల వస్తది సారూ? ఏం సంగతి మీద తిట్టాలె?"

"ఏదో ఒకటి. నీ ఇష్టం."

"నల్లా సంగతి చెప్పన్నా?"

చెప్పమన్నాను. ఆమె బిందె కింద పెట్టింది. ఆ చప్పుడుకు పేపరు చదువుకుంటున్న ఇద్దరు బయటికి వెళ్లిపోయారు.

"మా లైను మొత్తానికి ఒక్క నల్లా. గా నల్లా గొట్టం ముందు పటేలు బర్ల కొట్టంలకెంచి వస్తది. బర్లు తాగాలె, బర్లు తానం చెయ్యాలె, గవి కడుపు నిండి పండుకున్నంక, మిగిలితె మాకు. సుక్క సుక్క! నా మొగడు గని దిగి వస్తె మొహం కడుక్కోనీకె చెంబెడు నీళ్లుండయ్. బర్లు మాత్రం అద్దం లెక్క మెరుస్తయ్. ఓట్లు మేమెయ్యాలె, నీళ్లు బర్లకా? మా పేర్లు తీసేసి బర్ల పేర్లు రాస్కోన్రి లిస్టుల!"

నేను నోరు తెరుచుకొని విన్నాను. ఓదేలు కూడా కొత్తగా వింటున్నట్టు విన్నాడు. రోజూ ఇంట్లో వినేదే. కానీ ఇంట్లో ఎవరు వింటారు?

"చూశావా, అదీ కోపమంటే!" అన్నాను నేను. "మాటలు నా కాగితంలోవి చెప్పు, గొంతు మాత్రం ఈమెది పెట్టు."

ఓదేలు తల ఊపాడు. ఒకరి గొంతు తీసుకొని మాట అక్కడే వదిలెయ్యడం కుదరదని ఆ రోజు నాకు తెలియలేదు.

మంత్రి ముందు

సభ సాయంత్రం నాలుగింటికి. షామియానా కట్టించాం. మంత్రి గారు వచ్చారు, దండలు పడ్డాయి, పటేలు అరగంట మాట్లాడాడు. చివర్లో గొంతు సవరించుకొని, "ఇప్పుడు మా ప్రతిపక్షం మాట్లాడుతది" అని, తన బర్రెను సంతలో చూపించినంత గర్వంగా ఓదేలును చూపించాడు.

ఓదేలు మైకు ముందుకు వచ్చి కాగితం తీశాడు. దుమ్మూ, బస్సులూ చదివేసి మూడోదానికి వచ్చాడు.

"మా నాయకులు... రాత్రింబవళ్లు పనిచేసి... ఆరోగ్యం..."

ఆడవాళ్ల వైపు నుంచి లచ్చక్క గొంతు వినిపించింది.

"గది కాదయ్యా! నల్లా!"

ఓదేలు కాగితం వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. ముప్పై ఏళ్ల మనిషి ఒక్క క్షణంలో ఎటు తేల్చుకున్నాడో నేను పక్కనే నిలబడి చూశాను. కాగితం జేబులో పెట్టుకున్నాడు.

"అయ్యా మంత్రి గారూ, మా లైనుకు ఒక్క నల్లా" అని మొదలుపెట్టాడు. గొంతు అచ్చం లచ్చక్కదే. మాటలు కూడా లచ్చక్కవే. గొట్టం, కొట్టం, బర్ల స్నానం, అద్దం, ఓటర్ల లిస్టు, ఒక్కటి వదల్లేదు. పైపెచ్చు, "నేను తీవ్రంగ ఖండిస్తున్న!" అని వేలెత్తి సూటిగా పటేలు వైపు చూపించాడు. నేను నేర్పినదాంట్లో అదొక్కటే సరిగ్గా వచ్చింది.

ఎవరూ మొదలుపెట్టకుండానే చప్పట్లు పడ్డాయి. మా ఊళ్లో అలా పడటం అదే మొదలు. ఓదేలు కూడా చప్పట్లు కొడుతున్నాడు, ఎవరి కోసమో చూసుకోకుండా.

మంత్రి గారు నవ్వారు. పక్కనున్న అధికారితో రాసుకోమన్నారు. "ఇదీ ప్రజాస్వామ్యం!" అని తన మెడలోని దండ తీసి ఓదేలు మెడలో వేశారు. పటేలు కూడా నవ్వాడు. ఆ నవ్వు పంటి నొప్పి ఉన్నవాడిది.

సరిగ్గా అప్పుడే వెనక నుంచి ఖాజా భాయ్ చెయ్యి ఎత్తాడు. "సాబ్, నాకు భీ మైక్ ఇయ్యున్రి. రెండు మాటలు."

పటేలు నా వైపు చూశాడు. కళ్లతోనే చెప్పాడు. నా రెండో తప్పు చెయ్యడానికి రెండు సెకన్లు కూడా పట్టలేదు. కాలితో వైరు లాగేశాను. లౌడ్‌స్పీకర్లు గుర్రుమని ఆగిపోయాయి.

"మైకు పాడైంది" అని అరిచాను.

"పాడైందా? నేను చూస్త సాబ్!" అంటూ ఖాజా భాయ్ జనాన్ని తోసుకుంటూ వచ్చేశాడు. ఆయన మెకానిక్ అన్న సంగతి తొందరలో నాకు తట్టలేదు. జేబులోంచి స్క్రూ డ్రైవరు తీశాడు, ఊడిన వైరు చూశాడు, నా మొహం చూశాడు, వైరు తగిలించాడు, మైకు తీసుకున్నాడు.

"హలో, హలో. మైక్ మంచిగనే ఉన్నది. వైరు ఊడింది. ఎట్ల ఊడింది అని నేను అడుగ."

జనం పగలబడి నవ్వారు. మంత్రి గారు, "చెప్పండి, చెప్పండి" అన్నారు. ఖాజా భాయ్ నోరు తెరిచాడు. మూసుకున్నాడు. మళ్లీ తెరిచాడు. పాపం, ఎన్ని ఏళ్లుగానో ఎదురుచూసిన మైకు చేతికి వచ్చేసరికి దాచుకున్న మాటలన్నీ ఒకేసారి తలుపు దగ్గర ఇరుక్కున్నాయి. నుదురు తుడుచుకొని, "ఓదేలు చెప్పింది సచ్చి బాత్. బర్లను నేను భీ చూసిన" అని మైకు పెట్టేసి వెళ్లిపోయాడు.

నివేదిక

కరీంనగర్‌లో ఉన్న మా జిల్లా అధికారికి నేను నివేదిక పంపాలి. "ప్రజలు స్వచ్ఛందంగా హర్షధ్వానాలు చేసిరి. మైకు సాంకేతిక లోపము స్థానిక నిపుణుని సహాయముతో సవరించబడినది" అని రాశాను. ఆయన నన్ను పిలిపించి, చదివి, కళ్లజోడు తీశాడు.

"ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా ఏం జరిగిందో తెలియడం లేదు. నువ్వు ఈ శాఖలో పైకి వస్తావు" అన్నాడు.

ఆయన మెచ్చుకున్నాడో తిట్టాడో అప్పుడు తెలియలేదు. తిట్టే. కొత్తవాళ్లకు నేను చెప్పేది ఇంతే. వినసొంపుగా రాయడం నెలరోజుల్లో వస్తుంది. దాన్ని వదిలించుకోవడానికి నాకు సర్వీసంతా పట్టింది.

తిరిగి వచ్చాక ఖాజా భాయ్ దుకాణానికి వెళ్లాను. నా సైకిల్‌కు ఏమీ కాలేదు, ఊరికే గాలి కొట్టమన్నాను. కొడుతుండగా, "వైరు లాగింది నేనే" అన్నాను.

"మాలూం సాబ్."

"కోపం లేదా?"

"నీ మీద ఎందుకు? నౌకరి గదా. రేపు మా పార్టీ గెలిస్తె మాకు భీ వైరు గుంజెటోడు కావాలె గద." పంపు ఆపాడు. "గప్పుడు జర మెల్లగ గుంజు సాబ్. ఎవ్వనికి కనపడద్దు."

అంత నిజాయితీగా మాట్లాడిన రాజకీయ నాయకుణ్ణి నా సర్వీసులో మళ్లీ చూడలేదు.

బర్రెల ప్రస్తావన

మంత్రి గారి మాట వృథా పోలేదు. వారం తిరక్కుండా మనుషులు వచ్చి గొట్టం మార్చారు. బర్రెల కొట్టాన్ని తప్పించి, నీళ్లు నేరుగా లైనుకు వచ్చాయి. ఆ రోజు లచ్చక్క వాళ్లింట్లో గిన్నెలు, గ్లాసులు, ఓదేలు గనిలో పెట్టుకునే గట్టి టోపీతో సహా అన్నీ నింపారు.

ఓదేలుకు మాత్రం పార్టీ నుంచి నోటీసు వచ్చింది. "అనుమతించిన విమర్శలు కాక వేరు విమర్శ చేయుట, మరియు బర్రెల ప్రస్తావన తెచ్చుట" అని నేరాలు. నోటీసు పట్టుకొని నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. నిజంగానే భయపడ్డాడు. గనిలో పని ఉండటమైనా, ఊడటమైనా పటేలు మాట మీదే జరిగేది ఆ రోజుల్లో.

"నన్ను అపోజిషన్ చెయ్యమన్నరు, చేసిన. తప్పేంది సారూ? ఖాజా భాయ్ కాడికి పోతె, నువ్వు మొన్నటిదాక వాళ్లకు చప్పట్లు కొట్టినవ్, జర ఆగు అంటున్నడు. నేనిప్పుడు ఎవరోన్ని?"



పటేలు ఇంటి ముందు విచారణ జరిగింది. పటేలు, పార్టీ సభ్యులు ఇద్దరు, మైకు సంగతుల కోసం నేను. పటేలు నా వైపు ఓరగా చూస్తూ అడిగాడు. "ఓదేలూ, గా బర్ల మాటలు నీకు ఎవరు నేర్పిన్రు?"

రీడింగ్ రూముకు లచ్చక్కను పిలిపించినవాణ్ణి నేనే. ఓదేలు ఒక్క మాట అంటే నా ఉద్యోగం పోయేది. అతను నా వైపు చూడనైనా లేదు.

"మా ఆమె" అన్నాడు.

"అయితే ఆమెను పార్టీలకెంచి తీసెయ్యాలె!" అన్నాడు పటేలు.

"ఆమె పార్టీల లేదు పటేలా" అన్నాడు సభ్యుల్లో ఒకాయన.

"లేకపోతె చేర్చుకోన్రి! చేర్చుకొని తీసేద్దాం!"

నేను నవ్వలేదు. ఎవరూ నవ్వలేదు. సభ్యత్వ కాగితం తీసుకొని అందరం లేచాం. వేలిముద్ర కోసం సిరా ప్యాడ్ నా చేతికి ఇచ్చారు. ఓదేలును ముందు పెట్టుకొని లైనుకు వెళ్లాం. లచ్చక్క కొత్త నల్లా కింద బిందె తోముతోంది. ఇంతమంది పెద్దమనుషులను చూసి లేచి నిలబడింది.

"గిదేంది?"

"నిన్ను పార్టీల చేర్చుకుంటున్నం" అన్నాడు పటేలు, ఎటో చూస్తూ.

"నన్నెందుకు?"

ఓదేలుకు అబద్ధం రాదు. "చేర్చుకొని తీసేస్తరట" అన్నాడు.

లచ్చక్క చేతులు కొంగుకు తుడుచుకుంది. తిడుతుందనుకొని నేను ఒక అడుగు వెనక్కి వేశాను. ఆమె తిట్టలేదు. ఆలోచించింది.

"తీసెయ్యనీకె ఎన్ని దినాలు పడ్తది?"

నియమాలు తెలిసిన సభ్యుడు వేళ్లు లెక్కపెట్టాడు. "నోటీసియ్యాలె, నీ జవాబు తీస్కోవాలె, విచారణ చెయ్యాలె. నెల పడ్తది."

"గా నెల మీటింగుల నేను మాట్లాడొచ్చా?"

"సభ్యురాలికి హక్కుంటది" అన్నాడు ఆయన. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

లచ్చక్క బొటనవేలు చాచింది. "సారూ, గా సిరా ఇటియ్యి."

నేను ఇవ్వబోయాను. ఈసారి నిజంగానే ఇవ్వబోయాను. పటేలు నా చేతిలోంచి ప్యాడ్ లాక్కొని మూత గట్టిగా నొక్కాడు. కాగితం నాలుగు మడతలు పెట్టి లోపలి జేబులో దాచుకున్నాడు.

"ఓదేలూ, నీ నోటీసు రద్దు. రేపటి సంది మీటింగుకు రా. ఇంట్ల ఒక్క సభ్యుడుంటె సాలు" అని వెనక్కి తిరిగి గబగబా నడిచాడు. మేమంతా ఆయన వెనక నడిచాం.

లచ్చక్క వేలు చాచుకొని అక్కడే నిలబడి ఉంది.

"ఆగున్రి పటేలా, ఏడికి పోతున్నరు? మాట్లాడొచ్చంటిరి గదా!"

పటేలు ఆగలేదు.